పెడళ్లు లేకుండా గిటార్ వాయించేవారు ట్యూనర్ ఎంచుకోవడం ఎలా

ఒక గిటార్, ఒక కేబుల్, ఒక చిన్న యాంప్. లేదంటే యాంప్ కూడా లేకుండా అకూస్టిక్ గిటార్ ఒక్కటే. మనలో ఎక్కువమంది వాయించేది ఇంతమాత్రం సరంజామాతోనే. అయితే ట్యూనర్ కొందామని సలహా వెతికితే దొరికేది చాలావరకు పెడల్‌బోర్డు, అంటే కాలితో నొక్కి గిటార్ శబ్దాన్ని మార్చే పెడళ్ల పలక, ఉన్నవారి కోసం చెప్పినదే. ట్యూనర్‌ను డిస్టార్షన్‌కు ముందు పెట్టాలా తర్వాత పెట్టాలా, బఫర్ ఉన్నది మంచిదా లేనిది మంచిదా, కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి అన్న చర్చలవి. ఈ ప్రశ్నలు మీవి కావు. పాటకూ పాటకూ మధ్య దొరికే కాస్త వ్యవధిలో, కేబుల్ పీకకుండా, యాంప్‌లోంచి చప్పుడు రాకుండా ఆరు తీగలనూ శ్రుతిలోకి తెచ్చే పరికరం మీకు కావాలి.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. హెడ్‌స్టాక్‌కు, అంటే ట్యూనింగ్ కీలు ఉండే గిటార్ తలకు, తగిలించే క్లిప్ ట్యూనర్ కొనండి. అందులో పన్నెండు స్వరాలనూ గుర్తించే క్రోమాటిక్ మోడ్ తప్పనిసరిగా ఉండాలి. ఫోనులో ఒక యాప్‌ను దానికి తోడుగా ఉంచుకోండి. పెడల్ ట్యూనర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఎందుకలా అంటున్నానో, దుకాణంలో ఏం పరీక్షించాలో, తెచ్చుకున్నాక ఎలా వాడాలో వరుసగా చూద్దాం.

1. కొనే ముందు మీ దగ్గర ఉన్నది చూడండి

అకూస్టిక్ గిటార్ పక్క భాగంలో ప్రీయాంప్ పలక (వాల్యూమ్, టోన్ నాబ్‌లు ఉండే చిన్న పలక) ఉంటే దానిమీద ట్యూనర్ బటన్ ఉందేమో గమనించండి. యమహా ఏపీఎక్స్600 వంటి గిటార్లలో అది ఉంటుంది. ఎలక్ట్రిక్ వాయించేవారు యాంప్‌ను చూడండి. యమహా టీహెచ్ఆర్10, ఫెండర్ మస్టాంగ్ ఎల్‌టీ25 వంటి ఇంటి సాధనకు చేసిన యాంప్‌లలో ట్యూనర్ లోపలే ఉంటుంది. వేరే పనికి వాడే బటన్‌నే కాసేపు నొక్కి పట్టుకుంటే ట్యూనర్ తెరుచుకునే ఏర్పాటు ఎక్కువ. అందువల్ల యాంప్‌తో వచ్చిన పుస్తకం తిరగేయనివారికి ఆ సంగతి తెలియకుండానే పోతుంది.

ఇలాంటిది ఉంటే కొన్నాళ్లు దానితోనే వాయించి చూడండి. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉండే గదిలో, ఒక్కరే సాధన చేసేవారికి అది చాలు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, యాంప్‌లోని ట్యూనర్‌కు శబ్దం అందాలంటే గిటార్ వాల్యూమ్ నాబ్ తెరిచి ఉండాలి. కొన్ని యాంప్‌లు ట్యూనర్ మొదలవగానే స్పీకర్‌ను ఆపేస్తాయి, కొన్ని ఆపవు. పైగా నలుగురితో వాయించేటప్పుడు యాంప్ మీ వెనుక ఉంటుంది, తీగ బిగిస్తూ వెనక్కి తిరిగి చూడాలి. ప్రీయాంప్ ట్యూనర్‌తో ఈ బాధ లేదు కానీ, అది నడిచేది గిటార్‌లోని బ్యాటరీతో. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. సరిగ్గా ప్రోగ్రాం రోజున అది పడుకుంటే శబ్దమూ పోతుంది, ట్యూనరూ పోతుంది.

2. ట్యూనర్ ఏ దారిన వింటుందో తెలుసుకోండి

ఎంపిక అంతా దీనిమీదే ఆధారపడుతుంది. ట్యూనర్‌కు స్వరం మూడు దారుల్లో చేరుతుంది: గాలిలో వచ్చే శబ్దం మైకు ద్వారా, పికప్ (తీగ కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) నుంచి వచ్చే సంకేతం కేబుల్ ద్వారా, చెక్కలో పుట్టే కంపనం నేరుగా.

ఫోను యాప్ మొదటి రకం. గిటార్‌ట్యూనా, ఫెండర్ ట్యూన్ వంటి యాప్‌లు ఉచితంగానే మొదలుపెట్టవచ్చు, స్వరాన్ని బాగానే పడతాయి. మైకు వాడుకోవడానికి అనుమతి ఇవ్వకపోతే మాత్రం అవి ఏమీ వినవు, తెర ఊరికే ఖాళీగా ఉంటుంది. కొత్తవారు యాప్ చెడిపోయిందనుకునేది ఇక్కడే. గాలిలోంచి వినేది కనుక ఫ్యాను, పక్క గదిలో టీవీ, సరిచూసుకుంటున్న కీబోర్డు, అన్నీ దాని చెవిలో పడతాయి. ఫోను మైకులకు మంద్ర ధ్వనులు అంత బాగా వినపడవు కాబట్టి అన్నిటికన్నా లావైన ఆరో తీగ దగ్గర కొన్నిసార్లు తడబడతాయి. అప్పుడు 12వ ఫ్రెట్ (మెడమీది అడ్డ లోహపు పట్టీ) మీద తీగను నొక్కకుండా వేలితో తాకి మీటండి. ఆ హార్మోనిక్ ఒక అష్టకం పైన పలుకుతుంది, యాప్ దాన్ని సులభంగా పట్టుకుంటుంది. యాంప్‌కు కలపని ఎలక్ట్రిక్ గిటార్ శబ్దం చాలా చిన్నది. ఫోనును తీగలకు దగ్గరగా పెడితే నిశ్శబ్దమైన గదిలో పని జరుగుతుంది, బయట జరగదు.

రెండో రకంలో పెడల్ ట్యూనర్లు, చేతిలో పట్టే పెట్టె ట్యూనర్లు ఉన్నాయి. బాస్ టీయూ-3 లాంటి పెడల్ గొప్పతనం నిజమైనదే. కాలితో ఒక నొక్కు నొక్కితే యాంప్ మూగబోతుంది, నేలమీద పెద్ద దీపాల్లో స్వరం కనిపిస్తుంది. కానీ దానికోసం మీరు ఇంకో కేబుల్ కొనాలి, 9 వోల్టుల అడాప్టర్ పెట్టాలి లేదా బ్యాటరీ మారుస్తూ ఉండాలి, నేలమీద దానికి చోటు చూడాలి. ఒక్క ట్యూనర్ కోసం ఇంత పెట్టుకుంటే మీ సరంజామా ఇక సాదాగా ఉండదు. కోర్గ్ జీఏ, సీఏ వరసల పెట్టె ట్యూనర్లలో మైకూ ఉంటుంది, కేబుల్ పెట్టే రంధ్రమూ ఉంటుంది. బల్ల దగ్గర కూర్చుని నేర్చుకునేవారికి మంచివి. ఎలక్ట్రిక్ గిటార్‌తో మాత్రం శ్రుతి చేసిన ప్రతిసారీ యాంప్ నుంచి కేబుల్ పీకి దీనికి పెట్టాలి. జాక్ పీకేటప్పుడు యాంప్ తెరిచి ఉంటే వచ్చే పెద్ద చప్పుడు వేదికమీద ఎవరికీ నచ్చదు.

మూడో రకం క్లిప్ ట్యూనర్. క్లిప్ దవడలో చిన్న పియెజో సెన్సర్ ఉంటుంది. తీగ కదలికతో హెడ్‌స్టాక్ కంపిస్తుంది, ఆ కంపనాన్ని సెన్సర్ విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. పికప్‌తో, యాంప్‌తో, కేబుల్‌తో దానికి సంబంధమే లేదు.

పెడళ్లు లేనివారికి ఇదే పెద్ద మేలు. గిటార్ వాల్యూమ్ నాబ్‌ను పూర్తిగా సున్నాకు తిప్పేయండి. యాంప్ నుంచి ఇక ఏమీ వినిపించదు, అయినా క్లిప్ ట్యూనర్ స్వరాన్ని చూపిస్తూనే ఉంటుంది. పెడల్ కాలితో చేసే పనిని మీ చిటికెన వేలు నాబ్ మీద చేస్తుంది. వాల్యూమ్ నాబ్ లేని అకూస్టిక్ అయితే యాంప్ మీదో మిక్సర్ మీదో తగ్గించమని అడగాలి, లేదా తీగను ట్యూనర్‌కు అందేంత మెల్లగా మీటాలి.

దానికీ ఒక పరిమితి ఉంది. పక్కనే డ్రమ్స్, బేస్ గిటార్ గట్టిగా మోగుతుంటే ఆ అదురు గిటార్ చెక్కలోకీ వస్తుంది, సూది ఊగుతుంది. మిగతా ఐదు తీగలను అరచేతితో మూసి, కావలసిన తీగనొక్కదాన్నే మీటితే చాలావరకు సర్దుకుంటుంది. ఫోను యాప్‌కు ఆ చప్పుడులో ఈ మాత్రం అవకాశం కూడా ఉండదు.

3. ఎంత కచ్చితత్వం అవసరమో లెక్క చూసుకోండి

ప్యాకెట్ మీద ప్లస్ ఆర్ మైనస్ 1 సెంట్, 0.1 సెంట్ అని రాసి ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు ఫ్రెట్ల మధ్య దూరాన్ని, అంటే అర స్వరాన్ని, నూరు భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెంట్. అష్టకానికి 1200 సెంట్లు.

మొదటి తీగ 329.63 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర పలకాలి. అక్కడ ఒక సెంట్ అంటే సుమారు 0.19 హెర్ట్జ్. అదే స్వరాన్ని రెండు గిటార్లు ఒక సెంట్ తేడాతో వాయిస్తే, రెండూ కలిసి లేచి పడే అల ఐదు సెకన్లకు ఒకసారి వస్తుంది. పాటలో అది ఎవరికీ వినపడదు. తేడా 5 సెంట్లయితే అల సెకనుకు ఒకసారి వస్తుంది, చెవి పెట్టి వింటే తెలిసిపోతుంది. ఇంకా ఒక సంగతి: తీగను ఫ్రెట్ మీద కాస్త గట్టిగా నొక్కితేనే స్వరం కొన్ని సెంట్లు పైకి పోతుంది. మీ ఎడమ చేయి చేసే ఆ తేడా ముందు 0.1 సెంట్ కచ్చితత్వం కరిగిపోతుంది.

కాబట్టి 1 సెంట్ వరకు నమ్మదగిన ట్యూనర్ చాలు. 3 సెంట్లు అటూ ఇటూ పోయే ట్యూనర్ వద్దు. ఒక తీగ 3 సెంట్లు పైన, పక్క తీగ 3 సెంట్లు కింద ఆగితే ఆ రెంటి మధ్య 6 సెంట్లు వచ్చాయి. ట్యూనర్ ఆకుపచ్చ దీపం చూపిస్తూనే ఉంటుంది, కార్డ్ మాత్రం పుల్లగా వినిపిస్తుంది. చవక ట్యూనర్లలో అసలు చిక్కు ఇదే. లోపలి లెక్క బాగానే ఉన్నా, ఆకుపచ్చగా చూపించే మేర వెడల్పుగా ఉంటుంది.

స్వరం తప్పితే గీతలు కదులుతూ, కుదిరితే నిలిచిపోయేలా చూపించే స్ట్రోబ్ పద్ధతి ట్యూనర్ల చరిత్ర పాతది. కాన్ సంస్థ స్ట్రోబోకాన్ యంత్రం 1936 నాటిది. ఇప్పుడు పీటర్సన్ స్ట్రోబోక్లిప్ హెచ్‌డీ అదే తీరు కదలికను చిన్న తెరమీద చూపిస్తుంది, 0.1 సెంట్ కచ్చితత్వం ఇస్తుంది. టీసీ ఎలక్ట్రానిక్ పాలీట్యూన్ క్లిప్‌లోనూ స్ట్రోబ్ మోడ్ ఉంది. బ్రిడ్జి మీద ఇంటోనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా స్వరం సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం) మీరే సరిచేసుకుంటారా? జంట తీగలు ఒకదానితో ఒకటి కలవవలసిన 12 తీగల గిటార్ వాయిస్తారా? అయితే ఆ ఖర్చు పెట్టండి. లేకపోతే ఆ డబ్బుతో కొన్ని జతల తీగలు కొనుక్కోండి. పాతబడి తుప్పుపట్టిన తీగలు ఏ ట్యూనర్‌తోనూ శ్రుతిలో నిలవవు.

4. క్రోమాటిక్ మోడ్ ఎందుకు తప్పనిసరి

కొన్ని ట్యూనర్లు గిటార్ మోడ్‌లో మాత్రమే పనిచేస్తాయి. ఇ, ఎ, డి, జి, బి, ఇ తప్ప వాటికి ఇంకేమీ తెలియదు. మొదటి నెలలో అది సుఖంగానే అనిపిస్తుంది. కేపో (మెడమీద తగిలించి తీగలన్నిటినీ ఒకేసారి అదిమే బిగింపు) పెట్టిన రోజున అసలు సంగతి తెలుస్తుంది.

కేపో తీగలను ఫ్రెట్‌కు అదుముతుంది, ఆ ఒత్తిడికి స్వరాలు కాస్త పైకి పోతాయి. అందుకే కేపో పెట్టాక మళ్లీ శ్రుతి చూసుకోవాలి. మొదటి ఫ్రెట్ మీద కేపో పెడితే ఆరో తీగ నుంచి వరుసగా పలికేవి ఎఫ్, ఎ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, సి, ఎఫ్. పన్నెండు స్వరాలనూ గుర్తించే క్రోమాటిక్ మోడ్ వీటిని చూపిస్తుంది. గిటార్ మోడ్ మాత్రం వాటిని ఇ, ఎ, డి గానే భావించి దించమంటుంది.

తెలుగులో పాడేవారి పక్కన వాయించేవారికి కేపో దాదాపు రోజూ కావలసిందే. గాయకులు తమ శ్రుతిని సంఖ్యలో చెబుతారు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జి, ఐదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. ఒకటిన్నర శ్రుతి అని చెప్పగానే మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి సి కార్డ్ ఆకారాలు వాయించవచ్చు, నాలుగో ఫ్రెట్ మీద పెట్టి ఎ ఆకారాలూ వాయించవచ్చు. నాలుగు శ్రుతికి మూడో ఫ్రెట్ మీద కేపో, డి ఆకారాలు. ఐదున్నరకు మొదటి ఫ్రెట్ మీద కేపో, జి ఆకారాలు. ఇలా పాటకొక చోట కేపో జరుపుతూ వాయించేవారికి క్రోమాటిక్ మోడ్ లేని ట్యూనర్ కొనడం దండగ.

ఆధార శ్రుతిని మార్చుకునే వీలూ ఉండాలి. ట్యూనర్లన్నీ మధ్య అష్టకంలోని ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌గా తీసుకుంటాయి. 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో అంగీకరించిన అంకె అది. కీబోర్డుతో వాయిస్తే 440 సరిపోతుంది. చర్చిలోనో భజన మందిరంలోనో ఏళ్ల తరబడి ఉన్న హార్మోనియంతో వాయించేటప్పుడు మాత్రం ముందు దాన్ని కొలవండి. హార్మోనియం మీద ఎ మెట్టు నొక్కి పట్టి, ఫోను యాప్‌తో ఎన్ని సెంట్లు పైనో కిందో చూడండి. చాలా క్లిప్ ట్యూనర్లకు గాలిలోని శబ్దం వినపడదు కనుక ఈ పని ఫోనుదే. ఆ చోట ఒక హెర్ట్జ్ సుమారు 4 సెంట్లకు సమానం. హార్మోనియం 8 సెంట్లు పైన ఉంటే మీ ట్యూనర్‌ను 442కు మార్చుకోండి. హార్మోనియం రీడ్లను అప్పటికప్పుడు మార్చలేం కాబట్టి గిటారే దాని దగ్గరికి వెళ్లాలి.

ఈ సౌకర్యంలోనే ఒక ప్రమాదం దాగి ఉంది. ఆధార శ్రుతిని మార్చే బటన్లు వెనుకవైపు ఉండే ట్యూనర్లలో, క్లిప్‌ను తగిలిస్తున్నప్పుడో సంచిలో పెడుతున్నప్పుడో వేలు తగిలి 440 కాస్తా 444 అవుతుంది. ఒంటరిగా వాయిస్తే తేడా తెలియదు. ఆరు తీగలూ ఒకదానితో ఒకటి చక్కగానే ఉంటాయి. కీబోర్డుతో కలిసిన క్షణంలో అంతా అపస్వరమే. దాదాపు 16 సెంట్ల తేడా అది. ట్యూనర్ వెలిగించగానే తెరమీద 440 చూసే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోండి.

5. దుకాణంలో చేయవలసిన పరీక్ష

వీలైతే ప్యాకెట్ తెరిచి చూపించమనండి, మీ గిటార్‌నే తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో కొంటే ఇంటికి రాగానే, వాపసు గడువు దాటకముందే ఇదంతా చేయండి.

ఆరో తీగతో మొదలుపెట్టండి. మెల్లగా మీటి తెరను చూడండి. 82.41 హెర్ట్జ్ దగ్గర పలికే ఈ తీగే ట్యూనర్‌కు అసలు పరీక్ష. మంచి ట్యూనర్ వెంటనే ఇ అని పట్టి, తీగ మోగినంతసేపూ అక్కడే నిలుస్తుంది. చవకది బి అనో ఇంకేదో అనో ఎగిరి, తిరిగి ఇ కి వచ్చి, మళ్లీ పోతుంది. తీగలో మూల స్వరంతో పాటు పుట్టే ఉపస్వరాలను అది మూల స్వరంగా పొరబడటం వల్ల ఇలా జరుగుతుంది. ఈ పరీక్షలో తప్పిన ట్యూనర్ ఇంకెన్ని రంగుల్లో వెలిగినా తీసుకోవద్దు.

తర్వాత ఒక తీగను శ్రుతిలో పెట్టి, ట్యూనింగ్ కీని వీలైనంత కొంచెం తిప్పండి. ఆకుపచ్చ అలాగే ఉండిపోయిందా, సూది కదిలిందా? ఎంత తిప్పితే కదిలిందో చూస్తే ఆకుపచ్చ మేర వెడల్పు తెలిసిపోతుంది. రెండు ట్యూనర్లను ఒకే హెడ్‌స్టాక్‌కు పక్కపక్కన తగిలించి పోల్చడం ఇంకా మంచిది.

ఆ పైన చూడవలసింది తెర. దుకాణం గుమ్మం దగ్గరికి వెళ్లి ఎండ వెలుగులో చూడండి, వెనక్కి వచ్చి చేతితో నీడ చేసి చూడండి. వాయించే భంగిమలో గిటార్ పట్టుకుని మీ కంటి కోణం నుంచి చూడటం మరీ ముఖ్యం. ఎదురుగా పెట్టి చూస్తే అందమైన తెర, పక్క కోణం నుంచి నల్లగా కనిపించవచ్చు. ఎడమచేతి వాటం వారు అక్షరాలు తలకిందులు కాకుండా తెర తిరుగుతుందేమో చూడాలి. కాంతి చాలని చోట్ల వాయించేవారికి దీపాల తెర మేలు.

చివరగా క్లిప్ బిగువు, తెరను తిప్పే ట్యూనర్ మెడ కీలు చూడండి. ఈ రకం ట్యూనర్లలో ముందుగా పోయేది ఎలక్ట్రానిక్స్ కాదు, ప్లాస్టిక్ కీలే. అటూ ఇటూ తిప్పి, వదిలేసినప్పుడు వాలిపోకుండా నిలిచే కీలున్నదే తీసుకోండి. హెడ్‌స్టాక్ లేని గిటార్ అయితే క్లిప్‌కు పట్టు ఎక్కడ దొరుకుతుందో ముందే చూసుకోండి.

పేర్లు చెప్పమంటే, స్నార్క్ వారివి పెద్ద రంగుల తెరతో దూరానికీ కనిపిస్తాయి. డడారియో మైక్రో ట్యూనర్ హెడ్‌స్టాక్ వెనుక ఒదిగిపోతుంది, ఎదుటివారికి కనపడదు, సంచిలో విరగడానికి బయటికి పొడుచుకు వచ్చిన భాగమూ తక్కువ. ఎప్పుడూ గిటార్ మీదే ఉంచేవారికి నేను దీన్నే సూచిస్తాను. కోర్గ్ పిచ్‌క్లిప్ తేలికైనది, హంగులు లేనిది. 1975లోనే డబ్ల్యూటీ-10 పేరుతో చేతిలో పట్టే సూది ట్యూనర్ తెచ్చిన సంస్థ అది. పాలీట్యూన్ క్లిప్ ఆరు తీగలనూ ఒకేసారి మీటితే ఏది తప్పిందో చూపిస్తుంది. రెండు పాటల మధ్య ఒక్క చూపులో సరిచూసుకోవడానికి ఇది నిజంగా అక్కరకు వస్తుంది. పేరు లేని చవక రకాలన్నీ చెడ్డవని చెప్పను. ఆరో తీగ పరీక్ష, ఆకుపచ్చ పరీక్ష నెగ్గితే అదీ కొనదగిందే.

6. తెచ్చుకున్నాక శ్రుతి చేసే వరుస

గిటార్‌ను వాయించే భంగిమలోనే పట్టుకోండి. ఒడిలో పడుకోబెట్టి శ్రుతి చేసి, తర్వాత పట్టీ వేసుకుని నిలబడితే మెడ మీద బరువు మారి స్వరం కొంచెం కదులుతుంది. ఏసీ గదిలోంచి ఎండలోకి, ఎండలోంచి ఏసీలోకి వచ్చినా ఇంతే. వేడికి తీగ సాగి స్వరం దిగుతుంది, చల్లబడితే పైకి పోతుంది. కొత్త చోటికి వచ్చాక గిటార్‌కు కాస్త సమయం ఇచ్చి అప్పుడు శ్రుతి చేయండి.

వాల్యూమ్ నాబ్ సున్నాకు తిప్పండి. తెరమీద 440 చూడండి. ఆరో తీగను బొటనవేలి కండతో, మెడ మొదలయ్యే చోటికి దగ్గరగా, మెల్లగా మీటండి. ప్లెక్ట్రంతో (మీటే బిళ్లతో) గట్టిగా కొడితే తీగ మొదట పైకి పలికి తర్వాత దిగుతుంది. ఆ మొదటి ఎగురును చూసి కీ తిప్పితే తీగ చివరికి తక్కువ స్వరం దగ్గర ఆగుతుంది. మీటాక ఒక్క క్షణం ఆగి, సూది స్థిరపడ్డాక చూడండి.

కొత్తగా నేర్చుకునేవారు స్వరాల వరుసను నోటికి తెచ్చుకోవాలి. మూడో తీగకు కావలసింది జి. తెర ఎఫ్ షార్ప్ అంటే తీగ కింద ఉంది, బిగించాలి. జి షార్ప్ లేదా ఎ అంటే అప్పటికే దాటిపోయింది, వదులు చేయాలి. తెర అక్షరాన్ని మాత్రమే చూపిస్తుంది, అది ఏ అష్టకంలోనిదో చాలా ట్యూనర్లు చెప్పవు. అందుకే కొత్త తీగ వేసేటప్పుడు అక్షరం కోసం గుడ్డిగా బిగిస్తూ పోతే తీగ తెగుతుంది. 110, 146.83, 196, 246.94 హెర్ట్జ్‌లలో పలికే ఐదు, నాలుగు, మూడు, రెండో తీగల స్వరాలు ఎలా వినిపిస్తాయో చెవికి అలవాటు చేసుకోండి. యాప్‌లో వినిపించే స్వరంతో కలిపి చూసుకున్నా మంచిదే.

ఎప్పుడూ కింది నుంచి పైకి రండి. స్వరం దాటిపోతే ఆ వదులు చేయడంలోనే ఆగిపోవద్దు. బాగా కిందికి దించి, మళ్లీ బిగిస్తూ వచ్చి స్వరం దగ్గర ఆగండి. ట్యూనింగ్ కీలోని పళ్ల చక్రాల మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది, మెడ చివర తీగలను ఆనించే నట్ గాడిలో తీగ కొంచెం ఇరుక్కుని ఉంటుంది. వదులు చేస్తూ ఆగితే, మీరు మొదటి కార్డ్ వాయించగానే ఆ వదులు జారి స్వరం పడిపోతుంది. తీగను వేళ్లతో ఒకసారి సున్నితంగా పైకి లాగి వదిలి మళ్లీ చూసుకోండి. కొత్త తీగలకైతే ఇలా నాలుగైదు సార్లు చేయాలి.

ఆరు తీగలూ అయ్యాక మళ్లీ ఆరో తీగ నుంచి ఒక చుట్టు వేయండి. ఒక తీగ బిగిస్తే మెడ మీద, బ్రిడ్జి మీద లాగుడు మారి మిగతావి జరుగుతాయి. స్ప్రింగుల మీద తేలే ట్రెమొలో బ్రిడ్జి ఉన్న గిటార్‌లో ఈ జరుగుడు ఎక్కువ, రెండు మూడు చుట్లు తప్పవు.

ఇక ట్యూనర్ చూపు ఆపి, ఇ మేజర్ కార్డ్, తర్వాత సి, జి వాయించి వినండి. ఏదో ఒక కార్డ్‌లో మూడో స్వరం కొంచెం పదునుగా వినిపించవచ్చు. అది ట్యూనర్ తప్పు కాదు, మీ తప్పూ కాదు. ఫ్రెట్లు అష్టకాన్ని సమాన భాగాలు చేస్తాయి. ఆ లెక్కలో మేజర్ మూడో స్వరం 400 సెంట్ల దగ్గర పడుతుంది. చెవికి పూర్తిగా కలిసిపోయే సహజ స్థానం 386. తంబుర నాదం విని పెరిగిన చెవికి ఈ 14 సెంట్లు మరీ తెలుస్తాయి. ఇ కార్డ్ తీయగా వినిపించాలని, అందులో ఆ మూడో స్వరం పలికే మూడో తీగను దించితే, జి కార్డ్ చెడుతుంది. ఒక్కో కార్డ్‌ను వెంటాడుతూ తీగలు తిప్పకండి. ట్యూనర్ చూపినచోట ఆపి, పాట మొదలుపెట్టండి.

7. బ్యాటరీ, భద్రత

చాలా క్లిప్ ట్యూనర్లలో వాడేది సీఆర్2032 అనే 3 వోల్టుల నాణెం బ్యాటరీ. గడియారాలు బాగుచేసే దుకాణంలోనూ దొరుకుతుంది. తెర మసకబారినా, సూది కారణం లేకుండా తడబడినా ముందు బ్యాటరీ మార్చి చూడండి. గిటార్ సంచిలో ఒకటి అదనంగా ఉంచండి. పీటర్సన్ స్ట్రోబోక్లిప్ హెచ్‌డీసీ వంటి ఛార్జింగ్ రకాలకు ఈ గొడవ లేదు కానీ, వేదిక దగ్గర ఛార్జింగ్ అయిపోతే అప్పటికప్పుడు మార్చేందుకు ఏమీ ఉండదు. ఫోను యాప్ తోడు అవసరమయ్యేది అలాంటప్పుడే.

పాతకాలపు పద్ధతిలో నైట్రోసెల్యులోజ్ లక్క పూత పూసిన గిటార్ అయితే, వాయించడం అవగానే క్లిప్ తీసేయండి. కొన్ని రబ్బరు మెత్తలు ఆ పూతతో కలిసి మచ్చ పెడతాయి. మామూలు పాలీ (పాలీయురేథేన్, పాలియెస్టర్) పూత గిటార్లకు ఈ భయం అంతగా లేదు.

ఇంట్లో చిన్న పిల్లలుంటే బ్యాటరీ మూత స్క్రూతో బిగించే ట్యూనర్‌నే కొనండి. గోరుతో తెరుచుకునే మూత వద్దు. మింగిన నాణెం బ్యాటరీ ఆహారనాళంలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుతుంది. అనుమానం వచ్చినా చాలు, ఇంట్లో ఆగి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తీసేసిన పాత బ్యాటరీలో కూడా హాని చేసేంత శక్తి మిగిలే ఉంటుంది కాబట్టి దానికి రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి.